ఎనిమిది గజాల నూరో నంబరు

1960 ఫిబ్రవరిలో మా చేనేత సహకార సంఘం వారు నన్ను చీరాల నుంచి గుంటూరు అమ్మకాల డిపోకు మేనేజరుగా వేశారు. అప్పటికి నాకు ముప్పై ఒకటో ఏడు. ఆ రోజుల్లో చీరాల కూడా గుంటూరు జిల్లాలోనే ఉండేది. అందుచేత ఊరు మారడం పెద్ద విషయంగా అనిపించలేదు గాని, పని మాత్రం పూర్తిగా మారిపోయింది. అంతకు ముందు ఐదేళ్ళు నేను ఉత్పత్తి గుమాస్తాని. నేతగాళ్ళకు నూలు తూచి ఇవ్వడం, వాళ్ళు నేసి తెచ్చిన చీరను బల్ల మీద పరిచి గజంబద్దతో కొలవడం, భూతద్దం పెట్టి అంగుళానికి ఎన్ని దారాలు పడ్డాయో లెక్కపెట్టడం, అన్నీ సరిపోతే కొంగు మూలన సంఘం ముద్ర వేయడం నా బాధ్యత. చీర పుట్టడం వరకే చూసినవాణ్ణి. అది ఎవరి చేతికి పోతుందో చూడటం గుంటూరులోనే మొదలైంది.

మా డిపోలో గోడ పొడుగునా ఐదు అరలు ఉండేవి. పై నాలుగు అరల్లో ఆరు గజాల చీరలు. అన్నిటికంటే కింద, కూర్చుంటేనే చెయ్యి అందే చోట, ఐదో అర. దాన్ని ‘పెద్దరకం’ అనేవాళ్ళం. వయసు మళ్ళిన ఆడవాళ్ళ చీరలన్నమాట. ఎనిమిది గజాల పొడుగు, రెండు వేళ్ళ అంచు, నశ్యం రంగు, బూడిద రంగు, లేదంటే ముదురు కాఫీ రంగు. నూలు నలభయ్యో నంబరు. నంబరు పెరిగేకొద్దీ దారం సన్నబడుతుంది. ఇరవై దుప్పట్లకు, నలభై మోటు చీరలకు, ఎనభై, నూరు పండగ చీరలకు. పెద్దరకానికి నలభై దాటకూడదన్నది సంఘంలో ఎవరూ రాయని నియమం. ఎవరూ రాయలేదు కాబట్టి దాన్ని కొట్టేయడం కూడా ఎవరికీ చేతకాలేదు.

మా సీనియర్ సేల్స్‌మన్ సాంబయ్యగారు ఇరవై ఏళ్ళుగా ఆ అరల ముందు కూర్చున్న మనిషి. కొనేవాళ్ళు గుమ్మం ఎక్కుతుండగానే తలవెంట్రుకల రంగు చూసేవారు. వాళ్ళు నోరు తెరిచేలోపు ఆయన చెయ్యి ఏ అర మీదికి పోవాలో ఆ అర మీదికి పోయేది. “మేనేజరు గారండీ, ఇది చదువుకుంటే వచ్చేది కాదు” అనేవారు నాతో.

ఆ మాట నాకు కొంచెం గుచ్చుకునేది. నేను ఎనిమిదో తరగతితో బడి మానేశాను. మిగిలిన చదువంతా చీరాలలో శాఖా గ్రంథాలయం బెంచీల మీద చదువుకున్నదే. గుంటూరు వచ్చిన మూడో రోజునే జిల్లా గ్రంథాలయంలో సభ్యుడిగా చేరాను. అక్కడ అద్దకం రంగుల గురించి ఒక లావుపాటి ఇంగ్లీషు పుస్తకం దొరికింది. అది ఇంటికి ఇచ్చేది కాదు. ప్రతి సాయంత్రం పక్కన నిఘంటువు పెట్టుకుని రోజుకు రెండు పేజీల చొప్పున నోటుబుక్కులోకి దించుకున్నాను. ఎర్ర రంగు అద్దిన నూలును సబ్బునీళ్ళలో మరగబెట్టకపోతే పైపైన అంటుకున్న రంగు ఊడి ఒంటికి అంటుతుందని నాకు మొదట చెప్పింది ఆ పుస్తకమే. చీరాల అద్దకం వాళ్ళు ఆ మరగబెట్టడం చేసేవాళ్ళు గాని, తొందర పని వచ్చినప్పుడు తగ్గించేసేవాళ్ళు. ఎందుకు తగ్గించకూడదో నాకు పుస్తకం వల్ల తెలిసింది. ఈ వివరం తరవాత అక్కరకు వచ్చింది.

మార్చి మొదటివారంలో ఒక మధ్యాహ్నం కోటేశ్వరమ్మగారని ఒకావిడ డిపోకు వచ్చారు. ఆవిడది ప్రత్తిపాడు దగ్గర పల్లెటూరు. అరవైకి దగ్గర పడ్డ మనిషి, మా సాంబయ్యగారి కంటే బెత్తెడు పొడుగు. మిరపచేను ఆవిడే చేయించేవారు. కోత కాయ బస్తాలకెత్తి మార్కెట్టుకు తెచ్చినప్పుడు ఆవిడే వెంట వచ్చేవారు. సాంబయ్యగారు అలవాటు ప్రకారం కిందికి వంగి నశ్యం రంగు చీర తీసి పరిచారు.

“ఎవరికయ్యా ఇది?” అన్నారావిడ.

“మీకేనండి పిన్నిగారూ. మీ వయసువాళ్ళంతా ఇదే తీసుకుంటారు.”

“నేనింకా బతికే ఉన్నా గదయ్యా! పైది తియ్యి.”

సాంబయ్యగారు పై అర తీశారు. ఆవిడ నూరో నంబరు చీర ఒకటి అందుకుని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపి చూశారు. మొహం వికసించింది. తరవాత భుజం మీద వేసుకుని చూసుకున్నారు. ఆరు గజాలు ఆవిడకు ఏ మూలకూ చాలలేదు. ఆవిడ కట్టేది గోచీ పోసి కట్టే పాత కట్టు, పైగా మనిషి పొడుగు. మా దగ్గర సన్నదనం ఉన్న చీరకు పొడుగు లేదు, పొడుగు ఉన్న చీరకు సన్నదనం లేదు.

నేను లేచి వెళ్ళి సర్దిచెప్పబోయాను. వయసు పెరిగేకొద్దీ నెమ్మది రంగులే ఒంటికి నప్పుతాయని ఒక పుస్తకంలో చదివానని కూడా అన్నాను.

“ఆ రాసినాయన నన్నడిగి రాశాడా?” అన్నారు కోటేశ్వరమ్మగారు.

ఆవిడ కొంగుముడి విప్పి రెండు ఎండు మిరపకాయలు తీసి బల్ల మీద పెట్టారు. ఒకటి నిగనిగలాడే ముదురెరుపు. రెండోది తెల్లబారి పాలిపోయిన కాయ. మార్కెట్టులో దాన్ని తాలు అంటారు. మంచికాయలోంచి ఏరి పక్కన పోస్తారు.

“నాకు ఈ ఎరుపు కావాలి. జానెడు అంచు కావాలి. ఎనిమిది గజాలు, నూరో నంబరు. మీరు మా వయసువాళ్ళకి చూపిచ్చేదంతా ఇదిగో, ఈ తాలు” అని రెండో కాయను సాంబయ్యగారి వైపు నెట్టారు.

ఎందుకంత పట్టుదలో అప్పుడు చెప్పారు. ఆ ఏడాది పంచాయతీ సమితులు కొత్తగా ఏర్పడ్డాయి. ఆడవాళ్ళను కూడా సభ్యులుగా చేర్చుకోవాలన్న నిబంధన ప్రకారం ఆవిడను తీసుకున్నారు. ఉగాది వెళ్ళిన రెండోవారంలో ఆవిడ కూర్చోబోయే మొదటి సమావేశం. సభ్యులంతా ఇస్త్రీ ఖద్దరులో వస్తారు, అధికారులు వస్తారు. ఆవిడ లేచి తమ ఊరి డొంకరోడ్డు గురించి మాట్లాడాలి. వానాకాలంలో బళ్ళు దిగబడి కాయ ముక్కిపోతోంది. “కొంగు చాలని చీర కట్టుకుని లేస్తే, దాన్ని సర్దుకోడమే సరిపోద్ది. ఇంక మాటేం మాట్లాడను? గోనెపట్టా లాంటిది కట్టుకుని వెళ్తే, ఎవరో కూలికొచ్చిందనుకుని బయట కూచోమంటారు. నేను చెప్పేది వాళ్ళు వినాలి నాయనా. అందుక్కావాలి చీర.”

ఐదు వారాలు గడువు ఉంది. చేయిస్తానన్నాను. అలా అనే అధికారం నాకు లేదు.

డిపో మేనేజరు అడగగలిగింది జాబితాలో ఉన్న రకాన్నే. జాబితాలో లేని రకం నేయించాలంటే సంఘం కార్యదర్శి ఒప్పుకోవాలి. ఆ రాత్రే ఉత్తరం రాసి, ఎర్ర మిరపకాయను కాగితానికి దారంతో కుట్టి చీరాలకు పంపాను. వారానికి జవాబు వచ్చింది. వృద్ధ స్త్రీల అభిరుచి సంఘపు అమ్మకాల పుస్తకాల్లో స్పష్టంగా కనబడుతున్నదనీ, పెద్దరకం ఏటేటా ఎక్కువ పోతున్నదనీ, ప్రయోగాలకు ఇది సమయం కాదనీ రాశారు. మిరపకాయ సంగతి ఎత్తలేదు గాని, ఆ కవరు విప్పిన గుమాస్తా పూటంతా తుమ్మాడని తరవాత తెలిసింది.

కార్యదర్శిగారు రాసింది అబద్ధం కాదు. పెద్దరకం నిజంగానే బాగా పోయేది. పెళ్ళిళ్ళ నెలల్లో డజన్ల లెక్కన కట్టలు కట్టేవాళ్ళం. వారం తరవాత కోటేశ్వరమ్మగారు మళ్ళీ బస్తాల వెంట వచ్చినప్పుడు ఉత్తరం చదివి వినిపించాను. బాధపడతారనుకున్నాను. ఆవిడ నవ్వారు.

“ఏటేటా ఎక్కువ పోతున్నాయా? పోవూ మరి! ఎల్లుండి వస్తా, ఉండు.”

ఎల్లుండి అన్నట్టుగానే వచ్చారు. వెనక మిరప బస్తాలు మోసే మనిషి ఒక రేకుపెట్టె తెచ్చి మా బల్ల మీద దించాడు. మూత తీస్తే లోపల చీరలు. అన్నీ నశ్యం, బూడిద, కాఫీ రంగులు. పద్నాలుగు. ఒక్కదానికి కూడా మడత విప్పిన గుర్తు లేదు. కొంగు మూలన సంఘం ముద్రలు అలాగే ఉన్నాయి. వాటిలో సగానికి పైగా నా చేత్తో నేను వేసినవి.

పెట్టుబడి చీరలంటే మా ప్రాంతంలో తెలియనివారు ఉండరు. పెళ్ళికి పిలిస్తే అత్తవరస, అమ్మమ్మవరస పెద్దావిడలందరికీ పసుపూ కుంకుమతో చీర పెట్టాలి. పెట్టకపోతే మాట వస్తుంది. పెట్టేవాళ్ళకు ముఖ్యం చీరల సంఖ్య. తీసుకున్నావిడ దాన్ని మడత విప్పదు. తన ఇంట్లో పెళ్ళి వచ్చినప్పుడు ఇంకో పెద్దావిడకు పెడుతుంది. ఆవిడ మరొకరికి. కోటేశ్వరమ్మగారు ఒక్కో చీరా తీసి, ఇది ఫలానా పెళ్ళిలో పెట్టారు, ఇది ఫలానా గృహప్రవేశంలో పెట్టారు అని చెప్పుకుపోతున్నారు. వాటిలో ఒక్కటీ ఆవిడ కొన్నది కాదు, ఒక్కటీ కట్టింది కాదు.

“ఇది మొన్న పెదనందిపాడు పెళ్ళిలో పెట్టింది” అని తొమ్మిదో చీర తీశారు.

అంతవరకు చేతులు కట్టుకుని నిలబడ్డ సాంబయ్యగారు ముందుకు వంగారు. చీర మీద అంటించిన చీటీలో పెన్సిలుతో ‘సాం’ అని చిన్న గుర్తు ఉంది. డిపో ఉద్యోగులు తమ సొంతానికి కొన్న చీరలకు అలా గుర్తు పెట్టుకునేవాళ్ళు. ఆయన రెండేళ్ళ క్రితం బావమరిది పెళ్ళికని పెదనందిపాడులో ఉన్న వాళ్ళ అత్తగారికి పెట్టిన చీర అది.

“ఇది మా అత్తగారిదండీ” అన్నారు నీరసంగా.

“అయితే నాకు పెట్టింది మీ అత్తగారేనన్నమాట. ముఖాన బొట్టు పెట్టి మరీ పెట్టింది. ఎంతో నచ్చిందని చెప్పానయ్యా, ఏం చెయ్యను?” అన్నారు కోటేశ్వరమ్మగారు.

“నాతోనూ అట్టాగే చెప్పిందండీ మా అత్తగారు!”

ముగ్గురం నవ్వాం. కాని నాకు నవ్వుతూనే విషయం బోధపడింది. అయిదేళ్ళు గజంబద్దతో కొలిచి, దారాలు లెక్కపెట్టి, ముద్ర వేసి పంపిన చీరలు ఒంటిమీదికి ఎక్కకుండా పెట్టెలోంచి పెట్టెలోకి తిరుగుతున్నాయి. పుస్తకాల్లో కనబడిన అభిరుచి కొడుకులది, అల్లుళ్ళది, పెళ్ళివారిది. పెద్దావిడల అభిరుచి ఏమిటో ఏ పుస్తకంలోనూ లేదు, ఎందుకంటే వాళ్ళను దుకాణానికి ఎవరూ తీసుకురాలేదు.

సాంబయ్యగారే అన్నారు, “పెట్టె చీరాల పట్టుకెళ్ళండి మేనేజరు గారండీ. డిపో నేను చూసుకుంటా.”

మర్నాడు తెనాలి మీదుగా రైల్లో రేకుపెట్టెతో చీరాల వెళ్ళాను. అదృష్టవశాత్తూ ఆ రోజు కార్యవర్గ సమావేశం. కార్యవర్గం అంటే సభ్యులు ఎన్నుకున్న తొమ్మిది మంది. కార్యదర్శి జీతం మీద పనిచేసే ఉద్యోగి, అధ్యక్షుడు మగ్గం మీద కూర్చునే నేతగాడు. నేను ఎక్కువ మాట్లాడలేదు. పద్నాలుగు చీరల్నీ పరిచి, ఏది ఎక్కడ పెట్టిందో మాత్రం చెప్పాను. కార్యదర్శిగారు ఒక చీర ఎత్తి మడత అంచు వేలితో రాసి చూశారు. అధ్యక్షుడు మాత్రం నవ్వు ఆపుకోలేక, “మా అమ్మ పెట్టె కూడా ఒకసారి తీసి చూడాలబ్బాయ్” అన్నాడు.

కార్యదర్శిగారి అభ్యంతరం అప్పటికీ ఒకటి మిగిలింది. కొత్త రకానికి కొత్త పొడుగు పడుగు పోయాలనీ, దానికి ఏర్పాట్లు మార్చాలనీ అన్నారు. పడుగు అంటే మగ్గం మీద నిలువునా సాగే దారాలు. దీనికి నేను ముందే సిద్ధపడి వెళ్ళాను. మా నూరో నంబరు పడుగు తరుగు పోను ఇరవై నాలుగు గజాలు వస్తుంది. ఆరు గజాలవి నాలుగు నేసే చోట, ఎనిమిది గజాలవి మూడు నేయవచ్చు. పొడుగు మార్చనక్కర లేదు. అంచు దారాలు మాత్రం పడుగు పోసేటప్పుడే జానెడు వెడల్పున వేసుకోవాలి. అంతే. ఒక్క పడుగుకు అనుమతి ఇచ్చారు. ఆ పడుగు తానే నేస్తానన్నాడు అధ్యక్షుడు.

సమితి సమావేశానికి అప్పటికి పద్దెనిమిది రోజులే మిగిలాయి. అద్దకం దగ్గర రెండు రోజులు నేనే నిలబడ్డాను. అద్దకం పెద్దాయన నా ఉత్తరానికి కుట్టిన మిరపకాయను వెలుగుకు పట్టి చూసి, తడి నూలు మీద పెట్టి చూసి, మూడోసారి ముంచినప్పుడు సరిగ్గా ఆ ఎరుపు పట్టుకొచ్చాడు. సబ్బునీళ్ళ మరగబెట్టడం సగానికి తగ్గిద్దామన్నాడు. నోటుబుక్కు తీసి, తగ్గిస్తే ఏమవుతుందో చదివి వినిపించాను. పూర్తిగా మరగబెట్టాడు. ఆరిన నూలు చిలపను నా తెల్ల జేబురుమాలుతో గట్టిగా రుద్దాను. రుమాలు తెల్లగానే ఉంది. పెద్దాయన ఆ రుమాలు తీసుకుని పది మందికి చూపించాడు. నాకు తిరిగి ఇవ్వలేదు.

పడుగుకు గంజిపెట్టి ఆరబెట్టే రోజున మబ్బు పట్టడంతో ఒక రోజు పోయింది. చివరికి సమితి సమావేశం నాటి పొద్దున పాసింజరు రైల్లో మూడు చీరలూ గుంటూరు చేరాయి. కోటేశ్వరమ్మగారు అప్పటికే మా డిపో మెట్ల మీద కూర్చుని ఉన్నారు. కట్ట విప్పి చీర చేతికిచ్చాను. ఆవిడ మొదట రంగు చూడలేదు. కళ్ళు మూసుకుని బొటనవేలితో నలిపారు. తరవాత కొంగుముడిలోంచి ఇంకో ఎర్ర మిరపకాయ తీసి చీర మీద పెట్టారు. కాయ ఎక్కడుందో వెతుక్కోవలసి వచ్చింది.

లోపల గదిలో కట్టుకుని బయటికి వచ్చారు. గోచీ పోసి, నిండుగా కొంగు తిప్పి నడుములో దోపుకున్నా ఇంకా జానెడు మిగిలింది. సాంబయ్యగారు ఇరవై ఏళ్ళ సర్వీసులో మొదటిసారి బేరానికి సంబంధం లేని మాట అన్నారు. “బాగుందండీ” అన్నారు.

ఆ సమావేశానికి నేను వెళ్ళలేదు. తరవాతి వారం ఆవిడే వచ్చి చెప్పారు. గుమ్మంలో బంట్రోతు లేచి నిలబడి కుర్చీ చూపించాడట. డొంకరోడ్డు గురించి ఆగకుండా మాట్లాడారట. కొంగు ఒక్కసారి కూడా సర్దుకోలేదట. “చీర గురించి ఎవరూ ఏమీ అనలా. రోడ్డు గురించే అడిగారు. కంకర తోలిస్తామని రాసుకున్నారు. నాక్కావలసింది అదే గదా!” అన్నారు. ఆ ఎండల్లోనే కంకర పడింది.

మిగిలిన రెండు చీరల్లో ఒకటి ఆ సమావేశానికి వచ్చిన రెండో మహిళా సభ్యురాలు మనిషిని పంపి తెప్పించుకున్నారు. రెండోది సాంబయ్యగారు అత్తగారి కోసం పక్కన పెట్టించారు. ఈసారి చీర తీసుకెళ్ళడం కాదు, ఆవిడనే డిపోకు తీసుకొచ్చారు. ఎర్ర చీర గర్వంగా పరిచారు.

ఆవిడ చీర నలిపి చూసి, “గుడ్డ బంగారంలా ఉంది నాయనా. కాని ఎరుపు నాకొద్దు. నెమలికంఠం రంగులో నేయించు” అన్నారు.

సాంబయ్యగారు నా వంక చూశారు. నేను ఆయన వంక చూశాను. నశ్యం రంగు అర ఖాళీ చేసి ఎర్ర రంగు అర పెట్టబోతున్న మా ఇద్దరి తొందరా ఆ మాటతో ఆగిపోయింది.

ఆ నెలాఖరున చీరాలకు సరుకు కోరుతూ పంపిన పట్టీలో ఎనిమిది గజాల నూరో నంబరును ఆరు రంగుల్లో అడిగాను. ఆరు రంగులూ డిపోకు వచ్చిన పెద్దావిడలను ఒక్కొక్కరినీ అడిగి రాసుకున్నవే. కార్యదర్శిగారు మారుమాట లేకుండా మంజూరు చేశారు. దసరాకు ముందే అన్నీ అమ్ముడుపోయాయి. ఆ రకాన్ని పై నుంచి రెండో అరలో, నిలబడితే చెయ్యి అందే చోట పెట్టాం. సంఘం జాబితాలో దానికి ‘పెద్దరకం’ అన్న పేరు పెట్టబోతే వద్దన్నాను. ఎనిమిది గజాల నూరో నంబరు అని రాశారు. నేను పదవీ విరమణ చేసేదాకా జాబితాలో ఆ పేరుతోనే ఉంది.

కొత్తగా చేరిన సేల్స్‌మన్లకు పని నేర్పేటప్పుడు ఈ ఒక్క సంగతి మాత్రం తప్పకుండా చెప్పేవాణ్ణి. అమ్మకాల పుస్తకం కొన్నవాణ్ణి చూపిస్తుంది, కట్టుకున్న మనిషిని చూపించదు. పెద్దవాళ్ళకు చీర కావాలని ఎవరైనా వస్తే, అర తీయకముందు ఆవిడను వెంట తీసుకురమ్మనాలి. వచ్చాక తల వంక చూడకుండా, ఏం కావాలో అడగాలి.